తీగ లాగితే మూడు భాషలు కదిలాయి

ఇంగ్లిష్ నుడికారం కోసం వియత్నాం కుర్రకారు కుస్తీ పడుతున్నారు. వాళ్ళ సామెతల్లో సగం మన ఇంట్లో విన్నట్టే ఉంటాయి. అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

‘తీగ లాగితే అడవంతా కదులుతుంది.’ ఈ మాట వియత్నాం వాళ్ళది. అడవి తీసేసి డొంక పెడితే మనది. రెండు చోట్లా ఒకే తీగ ఎలా చేతికందిందా అని ముచ్చటపడేలోపే తేడా బయటపడుతుంది. మనకు ఈ మాట గుర్తొచ్చేది కూపీ లాగినప్పుడు. ఒక చిల్లర దొంగ దొరికి, వాడి ద్వారా ముఠా మొత్తం పట్టుబడితే క్రైమ్ వార్తకు ఇంతకన్నా మంచి హెడ్డింగు ఉండదు. వియత్నాంలో అదే మాట హెచ్చరిక. ఒకడి జోలికి వెళితే వాడి వెనకున్న పదిమందీ కదులుతారు, చూసుకుని అడుగెయ్ అని. మనవాళ్ళు లాగమంటారు, వాళ్ళు లాగొద్దంటారు.

మరి దీన్ని ఇంగ్లిష్‌లో ఏమనాలి? వియత్నాం పిల్లాడికైతే ‘లెట్ స్లీపింగ్ డాగ్స్ లై’ సరిపోతుంది. పడుకున్న కుక్కల్ని లేపకు అనేగా వాడి సామెత కూడా చెప్పేది! తెలుగు పిల్లాడు అదే రాసుకుంటే అర్థం తలకిందులవుతుంది. సామెతలో బొమ్మ ఒకటే, దాన్ని ఏ పనికి వాడుతున్నామన్నదే వేరు.

ఇంగ్లిష్ నేర్చుకునే ప్రతి దేశంలోనూ పిల్లల నోటుపుస్తకంలో రెండు గళ్ళు ఉంటాయి. ఎడమవైపు ఇంగ్లిష్ నుడికారం, కుడివైపు సొంత భాషలో దాని జోడీ. ఆ రెండు గళ్ళతో నడక మొదలవుతుంది కానీ గమ్యం చేరదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారన్న మూడో గడి లేకపోతే నేర్చుకున్న మాటే నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. వియత్నాం ఉదాహరణలు ఈ సంగతిని విడమరచి చెబుతాయి.

పిల్లులూ కుక్కలూ ఎందుకు కురిశాయి?

పరాయి భాష నేర్చుకోవడం వియత్నాంకు కొత్త కాదు. శతాబ్దాల పాటు చదువంటే చైనా అక్షరమే. ఫ్రెంచివాళ్ళ పాలనలో ఫ్రెంచి వచ్చింది. సోవియట్ స్నేహం నడిచిన రోజుల్లో రష్యన్ పెద్దపీట వేసుకుంది. 1986లో ‘దోయ్ మోయ్’ పేరుతో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక గాలి మారింది. 1995లో అమెరికాతో దౌత్య సంబంధాలు కుదిరాయి, అదే ఏడాది ఆసియాన్ కూటమిలో సభ్యత్వం దక్కింది. ఆ కూటమి వ్యవహార భాష ఇంగ్లిష్. 2008లో విదేశీ భాషల బోధనకు జాతీయ స్థాయి ప్రణాళికే వేశారు. బడుల్లో ఇంగ్లిష్‌ను క్రమంగా రెండో భాషగా చెయ్యాలని 2024 ఆగస్టులో కమ్యూనిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో తీర్మానించింది.

దీనికి పరీక్షలు తోడయ్యాయి. ఐఈఎల్‌టీఎస్ మాట్లాడే పరీక్షలో ఏడో బ్యాండు రావాలంటే అంతగా వాడుకలో లేని పదాలూ నుడికారాలూ కొన్నైనా వాడగలగాలని మార్కుల కొలమానంలోనే ఉంటుంది. ఇంకేం, బట్టీ మొదలు. హనోయ్‌లోనైనా హైదరాబాద్ అమీర్‌పేటలోనైనా జాబితా ఇంచుమించు ఒకటే: ‘పీస్ ఆఫ్ కేక్’, ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’, ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’.

ఈ చివరిదాని సంగతి చూడండి. జొనాథన్ స్విఫ్ట్ 1738లో, పెద్దింటి కబుర్లలో అరిగిపోయిన మాటల్ని ఎగతాళి చేస్తూ ఒక పుస్తకం అచ్చేశాడు. అందులో ఈ పిల్లులూ కుక్కలూ ఉన్నాయి. అంటే దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటే అది పాతబడ్డ మాట. గడ్డికప్పుల మీద పడుకున్న జంతువులు వానకు జారిపడేవని చెప్పే కథకు ఆధారం లేదు. ఇప్పటి ఇంగ్లిష్ వాళ్ళు జోరువానను మామూలుగా ‘పోరింగ్’ అంటారు, ఇంకొంచెం ఊపుగా ‘బకెటింగ్ డౌన్’ అంటారు. వియత్నాం మాట ‘నీళ్ళు కుమ్మరించినట్టు వాన’. మనది ‘కుండపోత’. బకెట్టూ కుండా దాదాపు ఒక్కటే కదా! పక్కనే ఉన్న చుట్టాన్ని వదిలేసి పరీక్ష కోసం పిల్లుల్నీ కుక్కల్నీ పట్టుకున్నామన్నమాట.

వరిచేనూ ఓడరేవూ

ఏ భాష నుడికారమైనా ఆ జనం కడుపు నింపిన పనుల్లోంచి వస్తుంది. ఇంగ్లండుకు సముద్రం అన్నం పెట్టింది. కొత్త పనిలో మెళకువలు నేర్చుకుంటుంటే ‘లెర్నింగ్ ద రోప్స్’ అంటారు. అవి తెరచాప ఓడలో తాళ్ళు. ఉలిక్కిపడితే ‘టేకెన్ అబ్యాక్’. ఎదురుగాలికి తెరచాప వెనక్కి కొట్టుకుని ఓడ ఆగిపోవడం అది. వియత్నాంలో అన్నం పెట్టింది వరిచేను, దాన్ని దున్నింది గేదె. పొద్దున్నే లేచిన పక్షికి పురుగు దొరుకుతుందని ఇంగ్లిష్ సామెత ఊరిస్తే, వెనకబడ్డ గేదెకు బురదనీళ్ళే మిగులుతాయని వియత్నాం సామెత భయపెడుతుంది. కట్టేసి ఉన్న గేదెకు మేస్తున్న గేదెను చూస్తే ఒళ్ళుమంట అని ఇంకొకటి. అసూయ గురించి ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

న్యూకాజిల్‌కు బొగ్గు మోసుకెళ్ళడం ఇంగ్లండులో తెలివితక్కువ పని, ఎందుకంటే ఆ రేవు నుంచే ఎన్నో ఊళ్ళకు బొగ్గు వెళ్ళేది. వియత్నాంలో అదే తెలివితక్కువతనం అడవికి కట్టెలు మోసుకెళ్ళడం. సరుకు ఎగబడి కొంటే ఇంగ్లిష్‌లో వేడి కేకుల్లా అమ్ముడుపోతుంది, వియత్నాంలో తాజా రొయ్యల్లా పోతుంది. రొయ్యల చెరువుల పక్కన పుట్టిన భీమవరం మనిషికి ఆ రెండో మాట విడమరచి చెప్పక్కర్లేదు.

వరి దగ్గర మనకూ వాళ్ళకూ మరీ దగ్గరి చుట్టరికం. ఇంగ్లిష్‌లో చేలో ఉన్నా, బస్తాలో ఉన్నా, కంచంలో ఉన్నా అంతా ‘రైస్’. మనకు వడ్లు వేరు, బియ్యం వేరు, అన్నం వేరు. వియత్నాం భాషలోనూ ఈ మూడింటికీ మూడు మాటలున్నాయి. ఆ తేడా తెలిసిన జనానికే ‘బియ్యం ఉడికి అన్నమైపోయింది’ అన్న సామెత అతుకుతుంది. జరిగిందేదో జరిగింది, ఇక వెనక్కి రాదని దాని భావం. ఇంగ్లిష్ పుస్తకంలో దీని పక్కన ఒలికిన పాల గురించి ఏడవొద్దన్న మాట పెడతారు. భావం దగ్గరదే. కానీ ఒలికిన పాలు నష్టం. ఉడికిన అన్నం నష్టం కాదు, ఇష్టమున్నా లేకపోయినా ఇక తినాల్సిందే. పెద్దలకు చెప్పకుండా పెళ్ళి చేసుకుని వచ్చిన జంట విషయంలో వియత్నాం ఇంట్లో ఈ మాట సరిగ్గా అమరుతుంది. అక్కడ ఒలికిన పాలంటే కొత్త కోడలు చిన్నబుచ్చుకుంటుంది.

ఒకే బాతు, రెండు తీర్పులు

పైకి జోడీల్లా కనిపించి దెబ్బకొట్టేవాటిలో మొదటి స్థానం బాతుకే. ‘బాతు తల మీద నీళ్ళు పోసినట్టు’ అని వియత్నాం వాళ్ళు అంటారు. ‘వాటర్ ఆఫ్ ఎ డక్స్ బ్యాక్’ అని ఇంగ్లిష్ వాళ్ళు అంటారు. అదే బాతు, అవే నీళ్ళు. తల బదులు వీపు, అంతే తేడా అనుకుని చాలా పట్టికలు ఈ రెంటినీ పక్కపక్కన వేసేస్తాయి.

కానీ వియత్నాంలో ఇది తిట్టు. ఎంత చెప్పినా బుర్రకెక్కని పిల్లాణ్ణి చూసి విసిగిన మాస్టారు అనే మాట. ఇంగ్లిష్‌లో ఇది ఎక్కువసార్లు మెచ్చుకోలు. ఎవరెన్ని విమర్శలు చేసినా చలించని మనిషి గురించి అనేది. మీ మేనేజరు విమర్శల్ని తట్టుకునే తీరును పొగడాలని ఆ ఇంగ్లిష్ మాట వాడారనుకోండి, ఇబ్బంది లేదు. దాన్నే వియత్నాం భాషలోకి మార్చి చెబితే ఆయన మొద్దు అన్నట్టవుతుంది.

తెలుగులో ఈ రెండు తీర్పులకూ రెండు వేర్వేరు బొమ్మలున్నాయి. బుర్రకెక్కనివాడికి దున్నపోతు మీద వాన. దేనికీ అంటుకోనివాడికి తామరాకు మీద నీటిబొట్టు. ఇక్కడ ఇంకో మెలిక. వియత్నాం వాళ్ళకు బాతు మాటతో పాటు ‘చేమాకు మీద నీళ్ళు’ అన్న మాట కూడా ఉంది, అదీ తిట్టే. చేమాకైనా తామరాకైనా నీటిబొట్టును నిలవనివ్వవు. వాళ్ళ పొలంగట్టు మీద ఆ గుణం మొద్దుతనమైంది, మన వేదాంతంలో వైరాగ్యమైంది. ఆకును చూసి అర్థం ఊహిస్తే బోల్తా పడతాం.

వంతెన సంగతీ ఇంతే. ‘బర్నింగ్ బ్రిడ్జెస్’ అంటే తిరిగివచ్చే దారిని మనమే మూసేసుకోవడం. ఉద్యోగం మానేసే రోజు బాసును నాలుగు తిట్టి బయటికి రావడం లాంటిది. వియత్నాంలో ‘వంతెన దాటి పలక లాగేయడం’ అని ఒకటుంది. చూడటానికి కవలల్లా ఉంటాయి. కానీ ఇది దాటించినవాళ్ళకు చేసే ద్రోహం, అవసరం తీరాక మొహం చాటేయడం. దానికి సరైన జోడీ ఇంగ్లిష్‌లో కన్నా తెలుగులోనే దొరుకుతుంది: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

మనసుండేది కడుపులోనే

ఇంగ్లిష్ వాళ్ళ ప్రేమా బాధా జాలీ అన్నీ గుండె చుట్టూ తిరుగుతాయి. వియత్నాంలో మనసు కాపురం కడుపులో, పేగుల్లో. దయగల మనిషిని ‘మంచి కడుపు’ అంటారు. తనలాగే అందరూ ఆలోచిస్తారనుకునేవాడు తన కడుపును బట్టి ఎదుటివాడి కడుపును లెక్కగడుతున్నట్టు. మనసులో ఏదీ దాచుకోలేని మనిషి పేగులు చర్మం పైన పెట్టుకుని తిరుగుతున్నట్టు. ఇక ఎదుటివాడి ఆలోచన ముందే పసిగట్టేవాడు? పావుకోళ్ళు వేసుకుని వాడి కడుపులో నడుస్తున్నట్టు! టకటకమని చెక్కచెప్పుల చప్పుడు కూడా వినిపిస్తుంది ఆ మాటలో.

ఇంగ్లిష్ టీచరు వీటిని విడమరచి చెప్పలేక తంటాలు పడొచ్చు. తెలుగువాడికి ఆ బాధ లేదు. పిల్లలు పోతే కడుపుకోత, పక్కవాడు బాగుపడితే కడుపుమంట, మేలు చేసినవాడికి నీ కడుపు చల్లగుండ అన్న దీవెన. కోడల్ని కడుపులో పెట్టుకుని చూసుకునే అత్తలూ మనకున్నారు. ఇంగ్లిష్‌లోనూ కడుపుకు చోటుంది గానీ అక్కడ అది తెగువకూ అంచనాకూ పరిమితం. గట్స్ ఉన్నవాడంటే ధైర్యవంతుడే, దయగలవాడు కాడు. ‘మంచి కడుపు’ను మాటకు మాట దించితే జీర్ణశక్తి బాగుందని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

అమ్మ గుండ్రన, బిడ్డ నలుచదరం

ఇంకొన్ని మాటలకు పరాయి భాషలో జోడీ కోసం వెతకడమే దండగ. కాన్పు సుఖంగా అయితే వియత్నాంలో ‘అమ్మ గుండ్రన, బిడ్డ నలుచదరం’ అంటారు. ఆకాశం గుండ్రనిది, భూమి చదరపుది అన్న పాత నమ్మకం దీని వెనక ఉందని చెబుతారు. ఆ రెండింటిలాగే అమ్మా బిడ్డా నిండుగా, లోటు లేకుండా ఉన్నారని. మనం తల్లీబిడ్డా క్షేమం అంటాం. ఇంగ్లిష్‌లోనూ అంత మామూలుగానే చెబుతారు.

ఆ మాట వియత్నాం భాషలో నాలుగే అక్షర ఖండాలు. అమ్మకు బిడ్డ ఎదురు, గుండ్రానికి చదరం ఎదురు. వాళ్ళ నుడికారంలో చాలాభాగం ఇలా నాలుగు ముక్కల తూకంలోనే నడుస్తుంది. తూకంతో పాటు స్వరమూ ముఖ్యమే. పుచ్చకాయ తొక్కను తప్పించుకుని కొబ్బరి డొప్ప మీద కాలేయడం అన్న సామెత ఉంది, మన పెనం మీంచి పొయ్యిలో పడటం లాంటిదే. పుచ్చకాయకూ కొబ్బరికాయకూ వాళ్ళ మాటలు దాదాపు ఒక్కటే, పలికే స్వరం మాత్రం మారుతుంది. సామెతలో సగం రుచి ఆ స్వరానిదే. పెనమూ పొయ్యీ అన్న బొమ్మ విచిత్రంగా ఇంగ్లిష్‌కూ తెలుగుకూ ఉమ్మడి ఆస్తి. కానీ ఆ కొబ్బరి డొప్ప చప్పుడు ఎవరూ దించుకోలేరు.

గుడ్డొచ్చి బాతుకు బుద్ధి చెబితే

మూడో గడి విలువ తెలియాలంటే మూడు భాషల్లోని ఈ సామెతల్ని వరసగా పెట్టి చూడాలి. అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పకు అని ఇంగ్లిష్. బాతుకన్నా గుడ్డే తెలివైనదా అని వియత్నాం. మన దగ్గర ఒకటి కాదు, రెండున్నాయి: తాతకు దగ్గులు నేర్పడం, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడం. ఇంగ్లిష్ అమ్మమ్మ మన తాతను కలిసింది, వియత్నాం గుడ్డు మన గుడ్డును కలిసింది. చిన్నవాడు పెద్దవాడికి పాఠాలు చెప్పకూడదన్న నీతిలో మూడు భాషలకూ పేచీ లేదు.

తేడా నోటి దగ్గర ఉంది. ఇంగ్లిష్ మాటను సాటి ఉద్యోగి సాటి ఉద్యోగితో అనొచ్చు, నాకు తెలిసిన పని నాకే నేర్పకు అని. వియత్నాం మాట పెద్దల నోట పిల్లల మీదే పడుతుంది. ఆ భాషలో నువ్వు, నేను అన్న మాటలే వయసునూ వరసనూ బట్టి మారతాయి. అన్న, అక్క, బాబాయి, పెదనాన్న అని ఎదుటివాణ్ణి పిలవడమే కాదు, తనను తాను కూడా తమ్ముడనో, పిల్లాడనో చెప్పుకోవాలి. అలాంటి చోట సామెత ఎవరు అంటున్నారన్నది దాని అర్థంలో భాగం.

పోలికల సంగతీ అంతే. ‘లైక్ ఫాదర్, లైక్ సన్’ అని పొగడొచ్చు, ఎత్తిపొడవనూ వచ్చు. గొంతును బట్టి తెలుస్తుంది. వియత్నాంలో రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. మెచ్చుకోవాలంటే పులి తండ్రికి పులి కొడుకు. దెప్పాలంటే ఏ కూరాకుకు ఆ పురుగే. మనకూ ఇదే పద్ధతి: ఒకవైపు పులి కడుపున పిల్లి పుడుతుందా, ఇంకోవైపు ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా. పట్టిక చూసి పురుగు మాటను తెచ్చి మేనేజరు కొడుకు పుట్టినరోజున వాడితే ఆ ఉద్యోగం సంగతి ఇక చెప్పక్కర్లేదు.

చావు కబురు దగ్గర మరీ జాగ్రత్త. ‘కిక్ ద బకెట్’ను అన్ని జాబితాల్లోనూ చనిపోవడం అని రాస్తారు. అది మోటు మాట అని పక్కన రాయరు. వియత్నాం వీధిలో దానికి సాటి ‘ఉప్పు అమ్ముకోవడానికి వెళ్ళాడు’. తెలుగులో మనం ఆ ఇంగ్లిష్ బకెట్టునే తెచ్చి బాల్చీ తన్నేశాడు అంటున్నాం. స్నేహితుల మధ్య సినిమా విలన్ గురించి అనుకోవడానికి సరే. పరామర్శకు వెళ్ళి కాలం చేశారు అనాల్సిన చోట ఎవరమైనా బాల్చీ అంటామా? పరాయి భాషలో మాత్రం ఆ వివేకం ఎవరో ఒకరు చెబితేగానీ రాదు.

ఏనుగు ఎక్కడిది?

జోడీలన్నీ యాదృచ్ఛికం కాదు. కొన్ని నిజంగానే ఒకే కడుపున పుట్టినవి. ‘జోస్యులు ఏనుగును చూసినట్టు’ అని వియత్నాంలో ఒక నుడికారం ఉంది. అయిదుగురు గుడ్డి జోస్యులు ఏనుగును తడిమి తలా ఒక రకంగా వర్ణించి చివరికి తన్నుకుంటారు. వాళ్ళ బడి పిల్లలందరికీ తెలిసిన కథ. మనం అంధగజ న్యాయం అంటున్నది ఇదే.

ఈ ఏనుగు నడిచిన దారి ఆసక్తికరం. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఖూంగ్ తాంగ్ హోయ్ అనే బౌద్ధ భిక్షువు ఉండేవాడు. పూర్వీకులు మధ్య ఆసియా నుంచి వచ్చి తరాలుగా భారతదేశంలో స్థిరపడ్డవాళ్ళు. తండ్రి వ్యాపారం కోసం ఇప్పటి ఉత్తర వియత్నాం ప్రాంతానికి వెళ్ళాడు, కొడుకు అక్కడే పెరిగాడు. ఆయన చైనా భాషలోకి తెచ్చిన బుద్ధుడి పూర్వజన్మ కథల్లో గుడ్డివాళ్ళూ ఏనుగూ ఉన్నారు. నూతిలో కప్ప దారి వేరు. వియత్నాం కప్ప చైనా తత్వవేత్త జువాంగ్ జీ పేరిట ఉన్న గ్రంథంలోంచి దూకింది, మన కూపస్థ మండూకం సంస్కృతంలోంచి వచ్చింది. ఏ బావి కప్ప ఆ బావిదే అయినా రెండింటికీ కనిపించే ఆకాశం అంతే.

మూడు నోళ్ళ మాట

• ఇంగ్లిష్: గుర్రం పారిపోయాక శాల తలుపు వెయ్యడం. వియత్నాం: ఆవు పోయాక కొట్టం కట్టడం. తెలుగు: చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.
• ఇంగ్లిష్: అవతలి గట్టు గడ్డి పచ్చన. వియత్నాం: ఈ కొండ మీద నిలబడి ఆ కొండకేసి చూడటం. తెలుగు: దూరపు కొండలు నునుపు.
• ఇంగ్లిష్: వజ్రాన్ని కోసేది వజ్రమే. వియత్నాం: కమలాపండు తొక్క మందమైతే దానికి తగ్గ వాడిగోరు ఉంటుంది. తెలుగు: తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు.
• ఇంగ్లిష్: నీలి చందమామ వచ్చినప్పుడు. తెలుగు: అమావాస్యకో పున్నానికో.
• నిప్పు లేనిదే పొగ రాదు: మూడు భాషల్లోనూ అదే నిప్పు, అదే పొగ.

మూడో గడి ఎలా నింపాలి?

సామెతల్ని పోగెయ్యడంలో ఎవరూ వెనకబడలేదు. తెలుగు సామెతల్ని కెప్టెన్ కార్ ఇంగ్లిష్ వివరణలతో 1868లోనే మద్రాసులో అచ్చేశాడు. వియత్నాంలో న్గుయెన్ వాన్ న్గోక్ 1928లో, వూ న్గోక్ ఫాన్ 1956లో పెద్ద సంకలనాలు తెచ్చారు. ఇక కావలసింది వాడుక తెలియడం.

మొదటి పని, నుడికారం పుట్టుక తెలుసుకోవడం. బెల్జియం భాషా పరిశోధకుడు ఫ్రాంక్ బూర్స్, ఆయన సహచరులు విద్యార్థులతో ప్రయోగాలు చేసి, మాట వెనక కథ తెలిస్తే అది ఎక్కువ గుర్తుంటుందని చూపించారు. తెరచాప ఓడను ఒకసారి ఊహించుకున్నవాడు ‘టేకెన్ అబ్యాక్’ను మర్చిపోడు. రెండోది, మాటను ఒంటరిగా కాక వాక్యంతో, ఆ వాక్యం అన్న మనిషితో కలిపి రాసుకోవడం: సినిమాలో ఎవరు ఎవరితో అన్నారు, కోపంగానా, సరదాగానా? మూడోది, వినడానికి వంద నేర్చుకుని అనడానికి పదితో సరిపెట్టుకోవడం. అర్థం కాకపోతే నష్టపోతాం కాబట్టి వంద కావాలి. తప్పుగా అంటే నవ్వులపాలవుతాం కాబట్టి పది చాలు. మిగతాచోట్ల తేట మాటే మర్యాద.

ఇంకొకటి, పరీక్షలు ఎప్పుడూ చెప్పనిది. సొంత సామెతను సిగ్గుపడకుండా ఇంగ్లిష్‌లో పెట్టి, ఇది మా ఊరి మాట అని చెప్పొచ్చు. ఇంగ్లిష్ అప్పులకు వెనకాడే భాష కాదు. ‘లూజ్ ఫేస్’ అన్నది 19వ శతాబ్దంలో చైనా భాష నుంచి మాటకు మాట దించుకున్నదే, ‘పేపర్ టైగర్’ కూడా అంతే. ఇప్పుడు వాటిని పరాయివని ఎవరూ అనుకోవడం లేదు. హనోయ్ ఉద్యోగి లండన్ సహోద్యోగికి బిడ్డ పుట్టిన కబురు విని, మా దగ్గర ‘అమ్మ గుండ్రన, బిడ్డ నలుచదరం’ అంటాం అని చెబితే, అవతలివాడు అదేమిటని అడుగుతాడు, మాట సాగుతుంది. మూడు వందల ఏళ్ళ నాటి పిల్లుల్నీ కుక్కల్నీ బట్టీపట్టి అప్పజెప్పినవాడికి ఆ అవకాశం రాదు, మహా అయితే మార్కు వస్తుంది.